జేజి, మనవరాలు, పొదుగుడు కోడి: పిల్లలకు ఇంటి జంతువుల కథ రాసే పద్ధతి

అవ్వ, మనవరాలు, ఒక పెంపుడు జంతువు కలిసి ఉండే పిల్లల కథ రాయాలనుకునేవారు కలం పట్టకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ జంతువు ఆ ఇంట్లో ఎందుకుంది? కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఎనుము (గేదె), మేక, కోడి ఇంటి ఆదాయంలో భాగం. ఎనుము పాలు పోసిన డబ్బుతో ఉప్పూ పప్పూ వస్తాయి, మేకపిల్ల పెరిగితే బడి ఖర్చుకో పండగ బట్టలకో అక్కరకొస్తుంది. జేజికి, అంటే నాయన తల్లికి, ఈ లెక్క తెలుసు. మనవరాలికి మాత్రం ఆ మేకపిల్ల తన స్నేహితురాలు, అంతే. జేజికి కూడా దాని మీద ప్రేమ ఉంటుంది, అయితే ఆ ప్రేమలో రేపటి లెక్క కలిసే ఉంటుంది. ఈ రెండు చూపుల మధ్య ఉన్న ఎడంలోనే కథ పుడుతుంది. ఆ ఎడాన్ని దాచిపెట్టి, అందరూ అందరినీ ముద్దు చేస్తున్నట్టు రాస్తే చదివే పిల్లవాడికి తరువాత ఏమవుతుందోనన్న ఆరాటం కలగదు.

కథకు కావలసిన సరుకు మీ ఇంటి పెద్దామె దగ్గరే ఉంటుంది, అయితే అడిగే తీరు తెలియాలి. ‘నీకు ఏ జంతువంటే ఇష్టం అవ్వా?’ అని అడిగితే ఒక్క మాటలో జవాబు వస్తుంది. ‘మన ఇంటికి మొదటి ఎనుమును ఎవరు తోలుకొచ్చినారు, దానికి డబ్బు ఎంత ఇచ్చినారు, మొదటి రోజు అది మేత ముట్టిందా?’ అని అడిగితే ఆమె ఒక పూటంతా చెబుతుంది. కరువు సంవత్సరంలో మేత ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ గొడ్డును అమ్మక తప్పలేదో, అమ్మిన రోజు ఇంట్లో ఎవరు అన్నం తినలేదో అడగండి. ఆమె చెబుతున్నప్పుడు చేతులను గమనించండి. వక్కాకు నమలడం ఆపి చెప్పిన చోటే చాలాసార్లు అసలు కథ ఉంటుంది.

జంతువు జీవితంలో సహజంగా ఉండే గడువును కథకు చట్రంగా వాడుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. కోడి గుడ్లు పొదగడానికి 21 రోజులు పడుతుంది, మేక చూడి సుమారు 150 రోజులు ఉంటుంది, కుక్కపిల్లలు పుట్టిన 10 నుంచి 14 రోజులకు కళ్లు తెరుస్తాయి. వీటిలో కొత్తగా రాసేవారికి కోడి కథ అనువైనది. జేజి గంపలో ఎండుగడ్డి పరిచి పది గుడ్లు పెట్టి కోడిని కూర్చోబెడుతుంది. పాప రోజుకొక బొగ్గు గీత గోడ మీద గీస్తుంది. జేజికి పది పిల్లలూ కావాలి, అవి పెరిగితే సంతలో డబ్బులొస్తాయి. పాపకు కోడిని ఎత్తుకోవాలని ఉంటుంది, గంప మీద కూర్చున్న కోడి దగ్గరికి పోతే పొడుస్తుంది. వారం గడిచాక జేజి చీకటి గదిలో గుడ్డును సెల్‌ఫోన్ లైటుకు ఆనించి చూపిస్తుంది. పిల్ల తయారవుతున్న గుడ్డులో ఎర్రటి సన్నని నరాలు కనిపిస్తాయి, పట్టని గుడ్డు లోపల అంతా తేటగా ఉంటుంది. ఆ వెలుగులో పాప మొదటిసారి తన ఆశను పక్కనపెట్టి గంప వైపు చూస్తుంది. ఇక్కడ ‘పాప మనసు మారింది’ అని రచయిత ప్రకటించనక్కర లేదు, మరునాడు ఆమె గంపకు దూరంగా కూర్చుని నీళ్ల చిప్ప ముందుకు జరిపితే చాలు.

అలాంటి కథలో ఒక రాత్రి ఇలా ఉండవచ్చు:

‘పదకొండో గీత గీసిన రాత్రి గట్టిగా ఉరిమింది. జేజి లేచి, పొయ్యి దగ్గరి బొగ్గు ముక్క ఒకటి, తుప్పు పట్టిన మొల ఒకటి తెచ్చి గంపలో ఒక మూలకు పెట్టింది.

“ఎందుకు జేజీ?” అంది పాప.

“ఉరుముకు గుడ్లు చెడకూడదని మా జేజి పెడతాండె. నేనూ పెడతాండా. నువ్వు పండుకో పాపా.”

పాప పండుకోలేదు. మళ్లీ ఉరిమినప్పుడు కోడి కదులుతుందేమోనని చూసింది. కోడి కదలలేదు.’

బొగ్గు, ఇనుము పెట్టడం కొన్ని ఇళ్లలో ఉన్న నమ్మకం. దాన్ని జేజి నోట పలికించవచ్చు, కానీ అందువల్లే గుడ్లు నిలిచాయని కథకుడు చెప్పకూడదు. పది గుడ్లలో రెండు పగలకపోతే పగలలేదనే రాయండి. ఆ రెండు గుడ్లను జేజి ఏమి చేసిందో పిల్లలు తప్పకుండా అడుగుతారు, దానికి జవాబు కథలోనే ఉండాలి.

ఊరు కథలో ఉండాలంటే పేరున్న గుడినో కోటనో తెచ్చి పెట్టవలసిన పని లేదు. ఇంటి ముందరి కడప బండ, గొడ్ల కొట్టంలో కుడితి తొట్టి, మిద్దె మీద ఆరబోసిన చెనక్కాయలు, ముద్ద కలిపిన తెడ్డుకు అంటిన సంగటిని కుక్కకు వేయడం వంటివి చాలు. కాలాన్ని మాత్రం జాగ్రత్తగా పట్టించుకోవాలి. అనంతపురంలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే, కాబట్టి వాన వల్ల ఆట చెడిపోయిందని పిల్లలు ఏడ్చే సన్నివేశం ఇక్కడ అతకదు. ఇక్కడ వాన పడితే జేజి అరుగు మీదికి వచ్చి నిలబడుతుంది. జూన్, జూలై నెలల్లో చెనక్కాయ విత్తనం పడి, అక్టోబరు, నవంబరులో కాయ ఒలిచాక మిగిలే కట్టె గొడ్లకు మేతవుతుంది. ఎండాకాలంలో ఆ కట్టె వామి తరిగిపోతుంటే పెద్దల మాటల్లో అమ్మకం ప్రస్తావన మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కనుక, జేజి చిన్ననాటి కథలో కదిరి అనంతపురం జిల్లాలోనే ఉండాలి, మనవరాలి బడి పుస్తకం మీద శ్రీ సత్యసాయి జిల్లా అని ఉండవచ్చు.

పేర్లూ మాటలూ ఆ ఇంటివే ఉండాలి. నాయన తల్లిని జేజి అనే ఇల్లయితే కథ చివరి దాకా జేజి అనే రాయండి, అవ్వ అనే ఇంట్లో అవ్వ, ముస్లిం కుటుంబంలో దాదీ లేదా నానీ. నుదుట తెల్లమచ్చ ఉంటే బొల్లి, నల్లగా ఉంటే కర్రి అని గొడ్డుకు పేరు పెట్టే అలవాటు చక్కగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే పేరు చదవగానే పిల్లలకు రంగు కనిపిస్తుంది. కథనం సరళమైన వాడుక తెలుగులో నడిపి, సంభాషణల్లో ఊరి యాస వాడండి. ఒక చోట ‘పోతాండా’ అని రాస్తే మరొక చోట ‘పోతున్నా’ అని మార్చవద్దు.

అమ్మకం, చావు వచ్చే చోట రచయితకు ధైర్యం కావాలి. పెంచిన పొట్టేలును జాతరకో బక్రీదుకో అమ్మడం మన పల్లెల్లో జరిగేదే, ఆ సంగతి పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది. చివరి నిమిషంలో ఎవరో ధనవంతుడు వచ్చి డబ్బు ఇచ్చి పొట్టేలును విడిపించినట్టు రాస్తే వాళ్లు నమ్మరు. అమ్మితే అమ్మినట్టే రాసి, ఆ సాయంత్రం జేజి, మనవరాలు ఒకరితో ఒకరు ఏమి మాట్లాడుకున్నారో చూపండి. ఐదారేళ్ల పిల్లల్లో కొందరికి చావు తిరిగిరానిదన్న సంగతి ఇంకా పూర్తిగా తెలియదు. ‘నిద్రపోయింది’, ‘ఊరికి పోయింది’ అంటే కొందరు నిద్రకు భయపడతారు, మరికొందరు దాని కోసం ఎదురుచూస్తారు. ‘చచ్చిపోయింది, ఇక రాదు’ అని మెత్తగా, స్పష్టంగా చెప్పే అవ్వ కథలో ఉండటం వాళ్లకు నిజంగా మేలు చేస్తుంది.

కొన్ని విషయాల్లో పొరపాటుకు తావివ్వకూడదు. కుక్క కరిచిన చోట అవ్వ పసుపో కారమో అద్ది నయం చేసినట్టు ఎన్నడూ రాయవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి టీకా వేయించే అవ్వను రాయండి. పిల్లలు కథలో చూసింది చేస్తారు. రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, కనుక చిలుక కావాలంటే అది పెరటి జామచెట్టు మీదికి తనంతట తానే వచ్చి పోవాలి.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు సొంతంగా చదివే కథను 300 మాటలకు మించనీయకుండా, ఒత్తులు బరువుగా ఉన్న మాటలు తగ్గించి రాస్తే మంచిది. పెద్దలు చదివి వినిపించే కథకు ఆ కట్టుబాటు అక్కరలేదు. చివర నీతి వాక్యం వద్దు.

రాసిన కథను పిల్లలకంటే ముందు ఒక జేజికి చదివి వినిపించండి. పశువు లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు ఎత్తుతుందని, పొదిగే కోడి మేతకు రోజుకొకసారి గంప దిగుతుందని, ఈనిన కుక్క దగ్గరికి పిల్లలను పోనీయరాదని ఆమె అక్కడికక్కడే చెబుతుంది. ఆమె నవ్విన చోటు పక్కన, ‘అట్ల కాదు’ అన్న చోటు పక్కన గుర్తు పెట్టుకుని, ఆ దిద్దుబాట్లన్నీ పూర్తయ్యాకే కథను బొమ్మలు వేసేవారి చేతికివ్వండి. వారికి ఆ ఇంటి కొట్టం, గంప, తొట్టి ఫోటోలు కూడా ఇస్తే జేజి కట్టు, చీర, ఎనుము కొమ్ముల వంపు మన ఊరివే పడతాయి.