సొంతంగా కట్టిన విమానంలో అమ్మానాన్నలను ఎక్కించే ముందు

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో సొంతంగా విమానం కట్టుకున్నవారు కొద్దిమందే. వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఒక్క ఉదయమైనా వారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, మనం ఉంటున్న ఊరిని పైనుంచి చూపించాలని ఆ కొద్దిమందికీ అనిపిస్తుంది. నేను టెక్సాస్‌లో మా గరాజులోనే కిట్ తెచ్చుకుని రెండు సీట్ల ఆర్‌వీ-9ఎ కట్టుకున్నాను కనుక, ఈ జాగ్రత్తలు ఆ తరహా విమానాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నవి. స్నేహితుడిని ఎక్కించుకుంటే భయం వేసినప్పుడు చెబుతాడు; డెబ్బై దాటిన నాన్నగారు చెప్పరు. కొడుకో కూతురో ఏళ్ల తరబడి రివెట్లు కొట్టి కట్టుకున్నదాన్ని కాదనడానికి ఆయనకు నోరు రాదు, గాలిలో కడుపులో తిప్పుతున్నా ‘బాగానే ఉంది నాయనా’ అంటారు. అందుచేత వద్దు అనవలసిన బాధ్యతను కూడా ఆయన తరఫున మనమే మోయాలి.

ఇటువంటి విమానంలో ప్రయాణికుడికి కనబడేచోట ఒక హెచ్చరిక అతికించి ఉంటుంది. ఈ విమానం ఔత్సాహికులు నిర్మించినదనీ, మామూలు విమానాలకు వర్తించే భద్రతా నిబంధనలకు అనుగుణంగా లేదనీ దాని సారాంశం. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని చూపించి ఊరుకోకుండా, ఎక్కే రోజున కాక రెండు రోజుల ముందు, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు తెలుగులో వివరించి చెప్పాలి. లెక్కలు కూడా దాచకూడదు. 2011లో అమెరికాలోని చిన్న విమానాల్లో ఇలా కట్టుకున్నవి దాదాపు 10 శాతమే అయినా, మొత్తం ప్రమాదాల్లో సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివేనని అక్కడి రవాణా భద్రతా మండలి తన అధ్యయనంలో తేల్చింది. ప్రమాదాలకు గురైనవాటిలో సగానికి పైగా మరొకరు కట్టగా కొనుక్కున్నవే. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరులో కాలిఫోర్నియా తీరంలో కూలిపోయిన విమానం కూడా అలా కొన్నదే; అందులో ఇంధనం ట్యాంకులు మార్చే మీటను కట్టినవారు డిజైనర్ సూచించిన చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చారు. మీది కొన్న విమానమైతే, కళ్లు మూసుకుని కూడా ప్రతి స్విచ్చి మీదా చెయ్యి వేయగలిగేంతవరకు పెద్దవాళ్లను ఎక్కించవద్దు.

కొత్త విమానాన్ని మొదట సాధారణంగా 25 గంటలో 40 గంటలో ఎగిరి పరీక్షించే దశ పూర్తి కానిదే ప్రయాణికులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. ఆ తరువాత కూడా, గడచిన 90 రోజుల్లో మూడుసార్లు ఎగిరి మూడుసార్లు దిగి ఉంటే చాలునంటుంది నిబంధన. నా దృష్టిలో ఇది కనీసం మాత్రమే. ఆ వారంలోనే, పక్క సీట్లో నాన్నగారి బరువంత ఇసుక బస్తాలు కట్టి, అవి విమానాన్ని నడిపే కర్రకు, అంటే స్టిక్‌కు, అడ్డం రావని చూసుకుని ఒకసారి ఎగిరి రావడం మంచిది. ఆ బరువు కూడా అడిగి తెలుసుకున్నది కాక కాటా మీద చూసినదై ఉండాలి.

ఇక ఆరోగ్యం సంగతి. హైదరాబాదు నుంచి అంత దూరం విమానంలో వచ్చినవారికి ఈ అరగంట ఒక లెక్కా అనిపిస్తుంది. పెద్ద విమానంలో కూడా లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తుకు సమానంగా ఉండవచ్చు కనుక, మనం రెండు మూడు వేల అడుగుల్లో తిరిగినంతమాత్రాన ప్రాణవాయువు సాధారణంగా సమస్య కాదు. సమస్యంతా ఆ విమానంలో ఉండి మన విమానంలో లేనివాటితోనే: మరుగుదొడ్డి, చల్లటి గాలి, లేచి నడిచే చోటు. బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవారైతే వారి వైద్యుడిని ముందుగానే అడిగి, మాత్ర వేళను బట్టి ప్రయాణ సమయం నిర్ణయించుకోవాలి తప్ప మాత్ర మానిపించకూడదు. షుగరు ఉన్నవారిని ఏకాదశి ఉపవాసం నాడు అసలు ఎక్కించవద్దు. మిగతా రోజుల్లో గంట ముందు రెండు ఇడ్లీల వంటి తేలిక ఆహారం పెట్టి, గ్లూకోజు బిళ్లలు చేతికందేచోట ఉంచాలి. జలుబు ఉంటే వాయిదా వేయాలి, ఎందుకంటే దిగేటప్పుడు మూసుకుపోయిన చెవి విపరీతంగా నొప్పి పెడుతుంది. చెవులు బాగున్నా నిమిషానికి 500 అడుగులకు బదులు 300 చొప్పున దిగుతూ, పిప్పరమెంటు చప్పరించమని చెప్పాలి.

కంట్లో రెటీనా ఆపరేషన్ చేసి గ్యాస్ బుడగ ఉంచినవారు, అది పూర్తిగా కరిగిందని కంటి వైద్యుడు చెప్పేదాకా నేల విడవకూడదు. ఎత్తుకు పోయేకొద్దీ ఆ బుడగ ఉబ్బి చూపు పోయే ప్రమాదం ఉంది. ఇటీవల గుండెపోటో పక్షవాతమో వచ్చినవారి విషయంలో వైద్యుడి మాటే తుదిమాట. పేస్‌మేకర్ ఉన్నవారు హెడ్‌సెట్‌ను చెవులకు పెట్టుకోవచ్చు కానీ, అందులో అయస్కాంతాలు ఉంటాయి కనుక ఛాతీకి ఆనించి పట్టుకోకూడదు. కడుపులో తిప్పకుండా ఉండేందుకు దుకాణంలో దొరికే మాత్రల జోలికి వైద్యుణ్ణి అడగకుండా వెళ్లవద్దు. పెద్దవారిలో అవి మగతను, తికమకను కలిగిస్తాయి. ప్రొస్టేటు వాచిన మగవారికి మూత్రం ఆగిపోయే అవకాశమూ ఉంది. అంతకంటే మంచి మందు వేళ. టెక్సాస్ వేసవిలో పొద్దెక్కితే వేడిగాలి లేచి చిన్న విమానాన్ని చేటలో బియ్యంలా ఎగరేస్తుంది, సీట్ల మీద మూసుకునే పారదర్శక ప్లాస్టిక్ కప్పు కింద కాక్‌పిట్ పొయ్యిలా కాగుతుంది. కాబట్టి సూర్యోదయానికి విమానం ఉంచే షెడ్డు, అంటే హ్యాంగర్, దగ్గర ఉండి తొమ్మిదిలోపు ఇంటికి వచ్చేయాలి.

ఎక్కడం, దిగడమే అన్నిటికన్నా గడ్డు పని. ఆర్‌వీలో రెక్క మీదికి ఎక్కి, అక్కడి నుంచి సీటులోకి కాలు పెట్టి దిగాలి. రెక్క వెనుక అంచున కదిలే పలక, అంటే ఫ్లాప్, మీద అడుగు పడకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారికి గట్టి మెట్ల స్టూలు, పక్కన పట్టుకునే మరో మనిషి తప్పనిసరి. ఇదంతా ముందురోజు హ్యాంగర్‌లో ఒకసారి చేయించి చూస్తే, అసలు ఈ ప్రయాణం కుదురుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. మా అమ్మ విషయంలో అలాగే తేలింది: సీటులోకి బాగానే దిగింది, పైకి లేవడానికి మాత్రం ఇద్దరం పట్టవలసి వచ్చింది. ఆపదలో అంత వ్యవధి ఉండదు గనుక ఆమెను ఎక్కించలేదు.

చీర, పంచె వద్దు. కాళ్ల మధ్య ఉండే స్టిక్‌కు కుచ్చెళ్లు చుట్టుకుంటాయి, పాలిస్టరు బట్ట మంటలో కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు సల్వారో ప్యాంటో వేయించి, చున్నీ ఇంట్లోనే ఉంచాలి. ప్రయాణికుడి వైపు స్టిక్‌ను విప్పి తీసేయవచ్చు. బెల్టు విప్పడం, కప్పు తెరవడం వారి చేతులతోనే నాలుగైదుసార్లు చేయించాలి. ముక్కు చక్రం మెత్తటి నేలలో దిగబడి ఈ రకం విమానాలు తిరగబడిన సంఘటనలు ఉన్నాయి, తలకిందులైతే కప్పు తెరుచుకోకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లతో గడ్డి రన్‌వేల మీద దిగవద్దు, అద్దం పగలగొట్టే పనిముట్టు అందుబాటులో ఉంచుకోండి. వారు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇంజను పూర్తిగా ఆగి ఉండాలి. వినికిడి తగ్గినవారికి తిరుగుతున్న ప్రొపెల్లర్ వినిపించదు, కనిపించదు.

కార్బన్ మోనాక్సైడు కనిపెట్టి మోగే పరికరం లేకుండా బయలుదేరవద్దు. పొగగొట్టంలో పగులు వస్తే ఆ వాసన లేని వాయువు లోపలికి చేరుతుంది. గుండె జబ్బున్నవారిని అది మనకంటే ముందే దెబ్బ తీస్తుంది, వారి తలనొప్పినీ మగతనూ మనం అలసట అనుకుంటాం.

గాలిలో ‘ఎలా ఉంది?’ అని అడిగితే వచ్చే జవాబు ముందే తెలుసు. దానికి బదులు చెయ్యి చాపి మన మోకాలు తట్టితే వెంటనే వెనక్కి తిరుగుతామని, కారణం అడగబోమని మాట ఇచ్చి ఉంచాలి. చెమటలు పడుతున్నాయా, మాటలు తగ్గాయా, కళ్లు కిటికీ నుంచి ఒడిలోకి వాలాయా అన్నది ఐదు నిమిషాలకొకసారి గమనిస్తూ, తొలిసారి ఇరవై నిమిషాలు మించకుండా దిగిపోవాలి.

వారి ప్రయాణ బీమా పత్రాన్ని కూడా ముందే చదవండి. టికెట్టు కొని ఎక్కే విమానాలకు తప్ప వర్తించదనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మీ విమానం బీమాలో ఒక్కో సీటుకు ఎంత పరిమితి ఉందో చూసుకోండి.

దిగాక వెంటనే నిలబెట్టవద్దు. వేడిలో కూర్చుని చటుక్కున లేస్తే బీపీ పడిపోయి రెక్క మీదే తూలవచ్చు కనుక, కప్పు తెరిచి, మంచినీళ్లు తాగించి, ఐదు నిమిషాల తరువాత చెయ్యి పట్టి దింపాలి. ‘ఇంకోసారి తిరిగొద్దామా?’ అని అక్కడే అడగకండి, తప్పకుండా అవునంటారు. మర్నాడు ఉదయం కాఫీ తాగేటప్పుడు అడిగి, ఆ జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి.