వాతావరణ మార్పు నష్టాల లెక్క – 3వ పాఠం: ఖాళీ గడి సున్నా కాదు

ఈసారి సముద్రమట్టం పెరగడం, నేల ఉప్పుబారడం లాంటి మెల్లగా వచ్చే నష్టాలు చెప్తానన్నాను. అవి తర్వాతి పాఠానికి జరిగాయి. మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు పోవడానికి ధైర్యం చాలలేదు.

పోయినసారి 2022 పాకిస్తాన్ వరదల లెక్క ఇచ్చాను కదా. డ్యామేజీ 14.9 బిలియన్ డాలర్లు, లాస్ 15.2, కోలుకోవడానికి కావలసింది కనీసం 16.3. మొత్తం ఎంత అని అడిగితే చాలామంది మూడూ కూడేసి 46.4 అని రాశారు. తప్పులో సగం నాదే. డ్యామేజీ, లాస్ రెండింటినీ తెలుగులో మనం నష్టం అనే అంటాం, తేడా ఎక్కడ కనిపిస్తుంది? కాబట్టి ఇకనుంచి మొదటిది ఆస్తి నష్టం, రెండోది రాబడి నష్టం. మూడోది అసలు నష్టమే కాదు, బాగు చేయించుకోవడానికి అయ్యే ఖర్చు.

వంతెన కొట్టుకుపోయింది అనుకోండి. దాన్ని ముందున్నట్టే కట్టాలంటే వరదకు ముందు ధరల్లో ఎంతవుతుందో అది ఆస్తి నష్టం. వంతెన లేక బస్సులూ లారీలూ ఎనిమిది నెలలు చుట్టూ తిరిగి పోతే, అదనంగా కాలిన డీజిల్ ఖర్చు కూడా రాబడి నష్టం కిందే పడుతుంది. ఈసారి ఇంకో రెండు మీటర్లు ఎత్తు పెంచి గట్టిగా కడదాం అంటే, ఆ పెంపుతో సహా మొత్తం బిల్లు పట్టికలో మూడో గడిలోకి, అంటే బాగు చేయించుకునే ఖర్చులోకి వెళ్తుంది. ఆ బిల్లులో పాత వంతెన విలువ ఎలాగూ ఉంది కాబట్టి మూడూ కూడితే ఒకే వంతెన రెండుసార్లు కొట్టుకుపోయినట్టు అవుతుంది. మొదటి రెండూ కూడొచ్చు, కాకపోతే ఒకే వస్తువు రెండు చోట్లా ఉండకూడదు. గోదాములో తడిసిన ధాన్యం ఆస్తి. చేలో నిలబడి ఉన్న పంట మాత్రం ఒక్కో పద్ధతిలో ఒక్కో గడిలో పడుతుంది. మీరు ఏ పద్ధతి పట్టుకున్నారో నివేదిక మొదటి పేజీలోనే రాసేయండి, గొడవ ఉండదు.

రాబడి నష్టాన్ని పోయినేడు దిగుబడితో పోల్చకండి. ఈ ఏడు వరద రాకపోయి ఉంటే ఎంత వచ్చేదో దాంతో పోల్చాలి. నేనైతే అయిదేళ్ల సగటు తీసుకుంటాను, మరీ చెడ్డ ఏడు ఉంటే పక్కన పెడతాను.

ఇక అసలు సంగతి. దీని దగ్గర నాకు నిజంగా చిరాకొస్తుంది. తెలియని చోట సున్నా వేస్తున్నారు!

సున్నా అంటే వెళ్లి చూశాం, ఏమీ పోలేదు అని. ఖాళీ అంటే చూడలేదు, లేదా అడిగినా చెప్పేవాళ్లు దొరకలేదు అని. రోడ్డు తెగి మీరు వెళ్లలేకపోయిన ఊరికి సున్నా వేస్తే, అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న ఊరు కాగితం మీద అందరికంటే క్షేమంగా ఉంటుంది. వడగాలికి చనిపోయినవాళ్లను ఆసుపత్రిలో గుండెపోటు అని రాసుకుంటే వడదెబ్బ గడిలో సున్నా కనిపిస్తుంది, ఎండకు ఎవరూ పోలేదని కాదు. రికార్డుల గదే మునిగిపోతే దాని కింద వచ్చే గడులన్నీ ఖాళీ. ఎక్సెల్‌లో మొత్తం కట్టినప్పుడు ఖాళీకీ సున్నాకీ తేడా తెలియదు, సగటు తీసినప్పుడు బయటపడుతుంది, ఎందుకంటే సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది, ఖాళీని వదిలేస్తుంది. పైగా వచ్చే ఏడు ఎవరో శ్రద్ధగా తిరిగి ఆ గడులు నింపారనుకోండి, నష్టం ఒక్కసారిగా పెరిగినట్టు గ్రాఫ్ లేస్తుంది. పెరిగింది నష్టం కాదు, మన లెక్క బాగుపడింది, అంతే.

పెద్ద డేటాబేసుల్లోనూ ఇలాంటి ఖాళీలుంటాయి. ఎం-డాట్ (EM-DAT) అనేది బెల్జియంలో నడిచే విపత్తుల పట్టిక. అందులోకి ఒక ఘటన ఎక్కాలంటే కనీసం 10 మంది చనిపోవాలి, లేదా కనీసం 100 మంది బాధితులు కావాలి, లేదా అత్యవసర పరిస్థితి ప్రకటించాలి, లేదా బయటి దేశాల సాయం అడగాలి. ఏడాదికి ఆరుసార్లు వచ్చి నలుగురైదుగురి ఇళ్లు కూల్చిపోయే చిన్న వరద అందులో కనపడదు. అలాగని ఆ కుటుంబాలకు ఏమీ పోలేదంటామా?

నా పద్ధతి సులువు. నష్టం అంకె లేని గడిలో ఈ మూడిట్లో ఒకటే వేస్తాను: చూసి లేదని తేలితే 0, తెలియకపోతే "తె", వర్తించకపోతే "వ". అక్షరాలున్న గడులను ఎక్సెల్ మొత్తంలోనూ సగటులోనూ పట్టించుకోదు. ప్రతి మొత్తం పక్కన 20 ఊళ్లలో 13 ఊళ్ల లెక్క ఇది అని రాస్తాను. ఆ చిన్న వాక్యం లేని మొత్తాన్ని నేను నమ్మను.

డబ్బులో రాని నష్టాలు అన్నిటికంటే ఎక్కువగా సున్నా అయిపోతాయి. కోతకు గురైన శ్మశానం, మానేసిన చదువు, ఊరు ఖాళీ అయ్యాక ఆగిపోయిన జాతర. వీటికి ధర కట్టేవాళ్లున్నారు, నేను కట్టను. ఎన్ని సమాధులు, ఎంతమంది పిల్లలు, ఎన్ని నెలలు, ఎవరు చెప్పారు అని రాయండి. డబ్బు గడిలో "వ" వేసి పక్క కాలమ్‌లో వివరం ఇవ్వండి.

ఇందులో వాతావరణ మార్పు వాటా ఎంత అని ఇద్దరు అడిగారు. ఆ వాన ఎన్ని రెట్లు ఎక్కువ అవకాశంతో కురిసింది, ఎంత జోరు పెరిగింది అన్నది వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ లాంటి బృందాలు లెక్కిస్తాయి. వానలో వాటా తెలిస్తే వంతెనలో వాటా తెలిసినట్టు కాదు. మీ పని వాన ఎన్ని మిల్లీమీటర్లు, ఏ తేదీల్లో అని సరిగ్గా రాసిపెట్టడం.

నివేదికలో పరిహారం అనే మాట ఆచితూచి వాడండి. పారిస్ ఒప్పందంలో 8వ అధికరణం ఈ నష్టాల గురించే, కానీ బాధ్యతకు గానీ పరిహారానికి గానీ అది ఆధారం కాదని 2015లో ఒప్పందంతో పాటే చేసిన తీర్మానంలో రాసుకున్నారు. ఈ నష్టాల కోసం 2022లో ఒప్పుకుని 2023లో మొదలుపెట్టిన నిధి కూడా పరిహారం కింద పెట్టింది కాదు.

అభ్యాసం మర్చిపోబోయాను. ఏదైనా పాత విపత్తు నివేదిక తీసుకుని అందులో సున్నా ఉన్న ప్రతి గడినీ గుర్తించండి. ఒక్కోదానికి చూసి వేసిన సున్నానా, చూడక వేసిందా అని అదే నివేదికలో సాక్ష్యం వెతకండి. సాక్ష్యం దొరకనివన్నీ "తె" చేసి, మొత్తాలూ సగటులూ మళ్లీ కట్టి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి పంపండి. ఒక పూటలో అయ్యే పని కాదు, వారం తీసుకోండి.