స్లోలో వణికే కార్బొరేటర్ కారు: సమస్య - పరిష్కారం

హైవే మీద బండి బాగానే పోతుంది. నాతవలస టోల్‌గేటు దగ్గర క్యూలో ఆగేసరికి ఇంజన్ వణకడం మొదలెడుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇంకా తిరుగుతున్న పాత మారుతీ 800లు, అంబాసిడర్ల వాళ్లు చెప్పేది ఎక్కువగా ఇదే. "కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) రెండుసార్లు క్లీన్ చేయించానండీ" అని కూడా అంటారు. స్పార్క్ ప్లగ్గులు చూశారా అంటే మాత్రం జవాబుండదు.

ముందు ప్లగ్గులు విప్పి, ఏ సిలిండర్‌ది ఏదో కలిసిపోకుండా వరసగా పెట్టండి. అన్నిటికీ పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది. ఎయిర్ ఫిల్టర్ చూడండి, చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి గాలి తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఒక్కటే పెట్రోల్‌తో తడిసి ఉంటే దానికి స్పార్క్ అందట్లేదు. ప్లగ్గు, వైరు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) క్యాప్ చూడాలి. కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో వైరు టెర్మినళ్లకి ఆకుపచ్చగా చిలుము పట్టడం మామూలే. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లున్న (కరెంటు కలిపి తెంచే కాంటాక్టులు) బండైతే వాటి గ్యాప్ కంటి అంచనాతో కాదు, ఫీలర్ గేజ్‌తో (సన్న రేకుల కొలత పనిముట్టు) కొలవండి.

ప్లగ్గులు తెల్లగా ఉన్నాయా? అయితే ముందే కార్బొరేటర్ జోలికి వెళ్లకండి. చాలావరకు ఎక్కడో దొంగగాలి, అంటే కార్బొరేటర్ దాటి లీకులోంచి వచ్చే గాలి, పీలుస్తోంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, పొద్దున్న చోక్ లాగి స్టార్ట్ చేస్తే బండి చక్కగా ఉంటుంది. చోక్ ఇచ్చే అదనపు పెట్రోల్ ఆ గాలికి సరిపోతుంది. వేడెక్కి చోక్ తోసేశాక అసలు రంగు బయటపడుతుంది. అందుకే వేడి ఇంజన్ స్లోలో వణుకుతున్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి. సర్దుకుంటే దొంగగాలేనని దాదాపు ఖాయమైనట్టే.

ఇక చోటు వెతకాలి. బ్రేక్ బూస్టర్ (ఇంజన్ పీల్పుతో బ్రేక్‌కి బలమిచ్చేది) ఉన్న బండైతే మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి దారి) నుంచి దానికెళ్లే పైపుతో మొదలెట్టండి. పైనుంచి చూస్తే నల్లగా, కొత్తదానిలా ఉంటుంది. క్లిప్ జరిపి చివర వంచితే అడుగువైపు వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. బ్రేక్ గట్టిగా తగులుతోందంటే ఇంకా అనుమానించాలి. ఇంజన్ ఆన్‌లో ఉండగా, బండి కదలకుండా ఉన్నప్పుడు, ఆ పైపుని గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్క క్షణం నొక్కండి. వణుకు ఆగితే దొంగ దొరికాడు. తర్వాత కార్బొరేటర్ కింది ప్యాకింగ్ (గాస్కెట్), మానిఫోల్డ్ అతుకు, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్న పైపు. వీటి మీద సీసాతో నీళ్లు కొద్దికొద్దిగా స్ప్రే చేస్తే లీకున్నచోట ఇంజన్ శబ్దం మారుతుంది. పెట్రోల్ చల్లి చూసేవాళ్లున్నారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని చేయకండి.

పగిలిన పైపు బదులు వ్యాక్యూమ్ పైపే వేయించండి. మామూలు నీళ్ల పైపు వేస్తే పీల్పుకి నొక్కుకుపోతుంది, బ్రేక్ దెబ్బతింటుంది. ప్యాకింగ్ మార్చాక నట్లు ఎదురెదురుగా, సమంగా బిగించండి. అతిగా బిగిస్తే ఫ్లాంజ్ (నట్లు పట్టే అంచు) వంగి మళ్లీ మొదటికొస్తుంది. లీకు కప్పిపుచ్చడానికి ఎవరో ఒకరు మిక్శ్చర్ స్క్రూ (పెట్రోల్, గాలి పాళ్లు మార్చేది) తిప్పే ఉంటారు కాబట్టి, ఇంజన్ వేడి మీద దాన్ని మళ్లీ సెట్ చేయాలి.

స్పీడులోనూ జర్క్ కొడుతుంటే అది వేరే కథ: పెట్రోల్ ఫిల్టర్, పంపు డయాఫ్రమ్. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు తట్టుకోదు. కాలిన వాల్వు, పోయిన హెడ్ ప్యాకింగ్ లాంటివి అరుదు. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచేది) ఉన్న షెడ్డులో చూపిస్తే వెంటనే తేలిపోతుంది.