చేతికి తెలిసే గుర్తు – 3వ పాఠం: మాలలో ఆగే చోటు

గత పాఠంలో 8 మిల్లీమీటర్ల తులసి పూసలు 108 ఏరి, బెజ్జాలు సరిచూసి పక్కన పెట్టుకున్నాం. ఈసారి వాటిని దారానికి గుచ్చి, పూసకూ పూసకూ మధ్య ముడులు వేయాలి. అయితే దారం తుంచే ముందే ఒకటి తేల్చుకోవాలి: మనసును వెనక్కి పిలిచే గుర్తు మాలలో ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి?

జపంలో వేళ్ళు పూసలు తిప్పుతూనే ఉంటాయి. మనసు మాత్రం వంటింట్లోకో, కట్టాల్సిన కరెంటు బిల్లు దగ్గరికో ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. పూసలన్నీ ఒకే తీరుగా ఉంటే, మేరువు (మాల రెండు కొసలూ కలిసే చోట ఉండే, లెక్కలోకి రాని పూస) తగిలేదాకా ఆ సంగతే తెలియదు. ముస్లింల జపమాల అయిన 99 పూసల తస్బీలో 33కి ఒకటి, 66కి ఒకటి వేరే ఆకారపు పూస గుచ్చేదీ, మన క్యాథలిక్కుల జపమాలలో పది చిన్న పూసల తర్వాత ఒక పూస ఎడంగా ఉండేదీ కళ్ళు మూసుకున్న మనిషి వేళ్ళకు తెలియడానికే. అందుకే రంగు మార్చి ఊరుకుంటే చాలదు. ఆకారం మారాలి.

108ని నాలుగు భాగాలు చేస్తే 27 వస్తుంది. చాలామంది 27వ, 54వ, 81వ పూసలు తీసేసి అక్కడ వేరే పూసలు గుచ్చుతారు. ఇందులో ఒక చిక్కుంది. మేరువు దాటకూడదు కాబట్టి రెండో చుట్టుకు వెనక్కి తిరుగుతాం. అప్పుడు 81వ పూస అటునుంచి లెక్కిస్తే 28వది అవుతుంది. వెళ్ళేటప్పుడు 27 దగ్గర, వచ్చేటప్పుడు 28 దగ్గర గుర్తు తగిలితే లెక్క మీద అనుమానం మొదలవుతుంది, ఆ అనుమానమే ధ్యాసను లాగేస్తుంది. గుర్తును పూసగా కాక, రెండు పూసల మధ్య విడిగా ఒక బిళ్ళగా పెట్టండి. తస్బీలోనూ అంతే, ఆ వేరే పూసలు 99లోకి రావు. 27 తర్వాత ఒకటి, 54 తర్వాత ఒకటి, 81 తర్వాత ఒకటి, మొత్తం మూడు బిళ్ళలు చాలు. జపం లెక్కలోకి ఇవి రావు. ఎటునుంచి వచ్చినా సరిగ్గా 27 పూసలకే తగులుతాయి.

బిళ్ళకు కొబ్బరిచిప్ప బాగుంటుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. పూసకన్నా కాస్త వెడల్పు కాబట్టి అంచు బొటనవేలికి తగులుతుంది. ఆ అంచును గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి, లేకపోతే పక్క ముడి కోసుకుపోతుంది.

ఇక దారం. 1 మిల్లీమీటరు మందం నూలు దారం తీసుకుని, ముందు 30 సెంటీమీటర్ల ముక్క మీద పది ముడులు వేసి కొలవండి. 20 సెంటీమీటర్లు మిగిలితే ఒక్కో ముడి సెంటీమీటరు తింటోందని లెక్క. మన మాలకు 112 ముడులు పడతాయి, అంటే 112 సెంటీమీటర్లు. పూసలకు 86, బిళ్ళలకు 1, ముడులు కనబడే పొడవు సుమారు 22, మేరువుకూ కుచ్చుకూ రెండు కొసలా 40 చొప్పున 80. మొత్తం 3 మీటర్లు దాటుతుంది. 3.5 మీటర్లు తుంచండి. 100వ పూస దగ్గర దారం చాలకపోతే అతుకు వేయడం కుదరదు, మొత్తం విప్పాల్సిందే.

ఒక కొస నుంచి మొదలుపెట్టకండి. ప్రతి ముడికీ మూడు మీటర్ల దారం లాగుతుంటే అది నలిగి, నూలు రేగి, చిక్కుపడుతుంది. దారానికి కాస్త తేనెమైనం రాసి, సగానికి మడిచి, మధ్యలో మొదటి బిళ్ళ గుచ్చి, దానికి అటూ ఇటూ ఒక్కో ముడి వేయండి. ఒక సగాన్ని అట్టముక్కకు చుట్టేసి, రెండో సగం మీద పని చేయండి. కొసకు 3 సెంటీమీటర్ల మేర జిగురు రాసి ఆరనిచ్చి, ఏటవాలుగా కత్తిరిస్తే సూది అక్కర్లేదు.

పూసను వెనకటి ముడికి ఆనేదాకా జరపండి. వదులుగా ఒక ఉచ్చు వేసి, కొసను దానిలోంచి తీయండి. అప్పుడే లాగేయవద్దు. ఉచ్చులో దబ్బనం మొన దూర్చి, ఆ మొనతోనే ఉచ్చును పూసదాకా జరిపి, పూసకు ఆనించి పట్టుకుని కొస లాగండి. ఉచ్చు మొనచుట్టూ బిగుసుకున్నాక దబ్బనం తీసి, రెండు గోళ్ళతో ముడిని పూసవైపు నెట్టండి. తర్వాతి పూస గుచ్చండి. 27 పూసలయ్యాక బిళ్ళ, దానికో ముడి, మళ్ళీ 27. రెండో సగమూ ఇలాగే. ప్రతి సగంలో 54 పూసలు రావాలి. ప్రతి 27కూ ఆగి లెక్క చూసుకోండి, ముడి పడ్డాక తప్పు దిద్దడం కష్టం.

ముడికీ పూసకూ ఎడం వచ్చిందంటే దబ్బనం ముందే తీసేశారన్నమాట. గోటితో బిగించకముందైతే మొనతో మెల్లగా విప్పొచ్చు, బిగిశాక పీటముడే. ముడి బెజ్జంలోకి దూరిపోతుంటే బెజ్జం పెద్దది, ఆ పూసను మార్చేయండి. మరీ బిగిస్తే మాల కర్రలా నిలబడి చేతిలో ఒదగదు. మరీ వదిలేస్తే పూస అటూ ఇటూ ఆడి, బెజ్జం అంచు దగ్గర దారాన్ని అరగదీస్తుంది. మాల తెగేది ఎక్కువగా అక్కడే. వేలితో తిప్పితే పూస తిరగాలి, జరగకూడదు.

బిళ్ళ తగిలినప్పుడు ఏం చేయాలో ఇప్పుడే అలవాటు చేసుకోవచ్చు. మధ్యవేలు, బొటనవేలితో తిప్పుతూ వచ్చి, బిళ్ళ దగ్గర నామం అనకుండా ఒక్క శ్వాస ఆగండి. గడిచిన 27లో మనసు ఎక్కడుందో చూసుకోండి, అంతే. పరధ్యానంలో పోయాయని వెనక్కి వెళ్ళి మళ్ళీ చేయకండి. అలా చేస్తే బిళ్ళ అంటే శిక్ష అన్న భావం ఏర్పడి, వారం తిరక్కుండా వేళ్ళు దాన్ని గబగబా దాటేయడం నేర్చుకుంటాయి.

మేరువు ఇవాళ కట్టవద్దు. రెండు కొసలూ కలిపి జారుముడి వేసి, మాలను రాత్రంతా మేకుకు వేలాడదీయండి. నూలు కాస్త సాగుతుంది. పొద్దున్నే చూసి, ఎక్కడైనా ఎడం కనబడితే ముడిని గోటితో పూసవైపు నెట్టండి. మేరువు, కుచ్చు వచ్చే పాఠంలో.