ఒక్క మైకుతో బ్లూస్ కవర్ ఆల్బమ్ రికార్డ్ చేయడం ఎలా?

బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటల బాణీ, కవర్ అంటే వేరేవాళ్ల పాటని మనం పాడటం. సామాన్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. అకౌస్టిక్ గిటారు, కండెన్సర్ మైకు, మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్. తీగలు ముందు రోజే మార్చండి, అప్పటికప్పుడు వేస్తే పాట మధ్యలో శృతి జారిపోతుంది. ఫ్యాను ఆపేయండి.

పది పాటలు చాలు. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1962లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో 13 పాటలుంటే సొంతవి 2 మాత్రమే, కాబట్టి అన్నీ వేరేవాళ్ల పాటలేనా అని మొహమాటపడొద్దు. శృతి మాత్రం మీ గొంతుకు తగ్గట్టు మార్చుకోండి, గిటారు మెడకి బిగించి శృతి పెంచే కాపో ఉన్నది అందుకే.

ఇక అసలు గొడవ. గొంతు, గిటారు ఒకేసారి రికార్డ్ చేయాలి. అందరూ ఏం చేస్తారంటే, క్లిక్ (చెవిలో టక్ టక్‌మని కొట్టే తాళం) పెట్టుకుని ఇవాళ గిటారు వాయించేసి, రేపు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని దాని మీద పాడతారు. శుభ్రంగానే ఉంటుంది, ప్రాణమే ఉండదు. బ్లూస్‌లో గొంతు ఒక మాట అంటే గిటారు దానికి జవాబు చెప్పాలి. నిన్నటి గిటారు ఇవాళ్టి మాటకి ఏం జవాబు చెప్తుంది? బుర్రకథలో వంతలు కథ వినకుండా ముందే తందాన తాన రికార్డ్ చేసి పెట్టినట్టుంటుంది. పుస్తకంలో బ్లూస్ చరణానికి 12 బార్లని (తాళం ఆవృత్తాలని) రాసుంటుంది గానీ, బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ తనకి తోచినప్పుడే కార్డ్ (కలిపి మీటే స్వరాల గుత్తి) మార్చేవాడు. క్లిక్‌తో అది కుదరదు.

మైకు ఛాతీ ఎత్తులో, అడుగున్నర దూరంలో పెట్టి, గిటారు మెడ మీది 12వ ఫ్రెట్ (అడ్డంగా ఉండే లోహపు గీత) వైపు తిప్పండి. సౌండ్‌హోల్‌కి (గిటారు పొట్ట మీది రంధ్రానికి) ఎదురుగా పెడితే బుంయ్‌మని మోత తప్ప ఏమీ రాదు. గొంతు గిటారుని మింగేస్తుంటే మైకు నాలుగు వేళ్లు దించండి, ధ్వనిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ప్లగిన్ల జోలికి పోకండి. ఒక చరణం పాడండి, వినండి, జరపండి, నాకు దీనికే ఒక సాయంత్రం పోతుంది. కుదిరాక కుర్చీ కాళ్ల దగ్గర, స్టాండ్ కాళ్ల దగ్గర నేల మీద టేప్ అంటించండి. నేనొకసారి టేప్ వేయకుండా టీకి లేచాను. తిరిగొచ్చి పాడిన నాలుగు పాటలూ ముందువాటితో కలవక మళ్లీ మొదటికొచ్చాను.

తప్పు దొర్లితే అతకడం ఉండదు, పాట మొత్తం మళ్లీ పాడాల్సిందే. 1936లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఓ హోటల్ గదిలో బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాడింది కూడా అలాగే. మూడు టేకుల్లో రాకపోతే ఆ పాట ఇవాళ్టికి వదిలేయండి.

అమెరికాలో రిలీజ్ చేస్తుంటే మెకానికల్ లైసెన్స్ (వేరేవాళ్ల పాటని రికార్డ్ చేసి కాపీలు పంచే అనుమతి) ముందే తీసుకోండి. 2025లో సీడీకైనా డౌన్‌లోడ్‌కైనా, అయిదు నిమిషాల్లోపు పాటకి ఒక్కో కాపీకి 12.7 సెంట్లు ఉండేది. జానపదమే కదా అని వదిలేయొద్దు, పాట పాతదే అయినా మీరు నేర్చుకున్న వరస ఎవరో కొత్తగా కట్టింది కావచ్చు. వీడియోకి ఈ లైసెన్స్ చాలదు, అది వేరే తలనొప్పి.