ఇంట్లో టీపీఎన్, 4వ పాఠం: రాత్రి బ్యాగు తగిలించడం

టీపీఎన్ అంటే తిండితో బతకలేనివాళ్లకి ఒంటికి కావలసిన తిండంతా బ్యాగు నుంచి సిరలోకి ఎక్కించడం. పోయిన పాఠంలో ఆ బ్యాగు ఇంటికి రాగానే ఏం చూడాలో, ఎక్కడ దాచాలో చెప్పుకున్నాం. ఈసారి దాన్ని మనిషికి తగిలిద్దాం. ఉదాహరణకి రాత్రి 8కి మొదలుపెట్టి పొద్దున 8కి తీసేసే పద్ధతి తీసుకుంటున్నాను. పగలు ఉద్యోగానికో బడికో వెళ్లే వీలుంటుందని చాలామందికి రాత్రిపూటే పెడతారు. మీ డాక్టరు రాసిచ్చిన టైము, స్పీడు వేరైతే వాటినే పట్టుకోండి. ఆస్పత్రిలో నర్సు ముందు చేసి చూపించి, ఆవిడ సరేననేదాకా ఇంట్లో ఎవరూ సొంతంగా చేయకూడదు. ఆ తర్వాత ఏదీ మర్చిపోకుండా ఉండటానికే ఈ పాఠం.

ఇంత జాగ్రత్త ఎందుకో ముందు తెలియాలి. మామూలు సెలైన్ సూది చేతిమీది చిన్న నరంలో ఉంటుంది. మీవాళ్లకి పెట్టిన సన్నటి గొట్టం (సెంట్రల్ లైను) ఛాతీ మీది హిక్‌మన్ లైనైనా, చేతి నుంచి వెళ్లే పిక్ లైనైనా, దాని లోపలి కొస గుండెకి దగ్గరి పెద్ద నరంలో ఉంటుంది. పైగా బ్యాగులో ఉండేది చక్కెర, అమైనో ఆమ్లాలు, కొవ్వు. మనిషికి తిండైనది క్రిములకీ తిండే. అందుకే బయట వేలాడే ఆ చిన్న క్యాప్ దగ్గర మనం ఏం చేస్తామన్నదే ఈ పాఠంలో ముప్పాతిక భాగం.

మొదట సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఏసీ ఉంటే అదీ ఆపండి. రెక్కల మీది దుమ్ము ఎటు పడుతుందో ఒకసారి తలెత్తి చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కిటికీ మూసి, కాసేపు ఆగండి. వంటింట్లో, బాత్రూమ్ పక్కన ఈ పని వద్దు. నున్నటి బల్ల గానీ స్టీలు ట్రే గానీ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. గాజులు, ఉంగరం, వాచీ తీసేయండి. జుట్టు ముడేసుకోండి. చీర కట్టుకునేవాళ్లు పైట చెంగు బొడ్లో దోపుకోవాలి, లేకపోతే వంగినప్పుడల్లా ట్రే మీద పడుతుంది. ఫోన్ పక్క గదిలో పెట్టండి. పలకరించడానికి ఎవరైనా వస్తే అరగంట హాల్లో కూర్చుంటారు, ఏమీ అనుకోరు.

సబ్బుతో కనీసం 40 సెకన్లు చేతులు కడిగి పేపర్ న్యాప్‌కిన్‌తో తుడుచుకోండి. తలుపుకి వేలాడే తువ్వాలు ఎంత తెల్లగా ఉన్నా సరే, ముట్టుకోవద్దు.

ఇప్పుడు బ్యాగు. మూడు గదుల బ్యాగైతే పైనుంచి కిందికి చాపలా గట్టిగా చుడుతూ రండి, మధ్యలోని సీళ్లు విడిపోతాయి. రెండు మూడుసార్లు తలకిందులుగా తిప్పితే అంతా ఒకే రంగు పాలలా అవుతుంది. విటమిన్లు, ట్రేస్ ఎలిమెంట్లు (జింక్, రాగి లాంటి ఖనిజాలు) రాసిచ్చి ఉంటే కలిపేది ఇప్పుడే, ఇంతకుముందు కాదు. ఆస్పత్రిలో ముందే కలిపి ఇచ్చిన బ్యాగైతే ఫ్రిజ్‌లోంచి ఓ రెండు గంటల ముందు తీసి బల్లమీద పెట్టండి. వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం, మైక్రోవేవ్, ఏదీ వద్దు. పైన పసుప్పచ్చ నూనె చుక్కలు తేలినా, నూనె పొరలా విడిపోయినా ఆ బ్యాగు పనికిరాదు. గట్టిగా ఊపితే కలిసినట్టే కనిపిస్తుంది, ఆ మోసంలో పడకండి. ఎంత ఖరీదైనా పక్కన పెట్టి, ఆస్పత్రికి ఫోన్ చేయండి.

బ్యాగు నుంచి లైనుకి వెళ్లే ట్యూబ్‌లో (దీన్నే సెట్టు అంటారు) గాలి లేకుండా మందు చివరిదాకా రానివ్వాలి. కొవ్వు కలిసిన బ్యాగుకి 1.2 మైక్రాన్ ఫిల్టర్ వాడతారు. అది సెట్టులోనే ఉందా, విడిగా పెట్టాలా అన్నది ముందే చూసుకోండి.

ఇక అసలు పని. ముట్టుకోకూడని చోట్లు మూడే: లైను క్యాప్ కొన, సిరంజి ముక్కు, ట్యూబ్ చివర. మడి కట్టుకుని వంట చేసే బామ్మ దగ్గర పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తగిలితే తగిలినట్టే, ‘ఏం కాదులే’ అన్న మాటే ఉండదు. గ్లౌజులు వేసుకున్న వేలైనా అంతే. ట్యూబ్ కొన దుప్పటికి తగిలిందా, ఆ సెట్టు పారేసి కొత్తది విప్పండి.

స్పిరిట్ స్వాబ్‌తో క్యాప్ కొనని, పక్కల మరలని గట్టిగా తిప్పుతూ 15 సెకన్లు రుద్దండి. మనసులో పదిహేను లెక్కపెట్టండి, తొందరలో ఐదుకే ఆపేస్తాం. తర్వాత దానంతటదే ఆరాలి. చాలామంది ఇక్కడే తెలియకుండా ఉఫ్ అని ఊదుతారు! రుద్దినదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఊదితే మళ్లీ కొత్త స్వాబ్‌తో మొదటికి రావాలి.

ఆరాక 10 మి.లీ. సెలైన్‌తో లైను కడగాలి. సిరంజి కూడా 10 మి.లీ.దే ఉండాలి. చిన్న సిరంజి తోస్తే లోపల ఒత్తిడి ఎక్కువై లైను చిట్లొచ్చు. కొంచెం తోసి ఆపి, మళ్లీ కొంచెం తోయండి. కదలకపోతే బలం పెట్టకండి, క్లాంప్ (లైనుని నొక్కి మూసే క్లిప్పు) తెరిచారో లేదో చూడండి. తెరిచి ఉన్నా వెళ్లకపోతే ఆ రాత్రికి ఆపి ఆస్పత్రికి ఫోన్ చేయండి. లైన్లో లాక్ మందు (వాడనప్పుడు లైను పాడవకుండా అందులో నింపి ఉంచేది) పెట్టి ఉంటే దాన్ని ముందు వెనక్కి లాగాలో, లోపలికే తోయాలో మీ నర్సుని అడిగి డైరీలో రాసుకోండి. ఒక్కో మందుకి ఒక్కో పద్ధతి.

ఇప్పుడు ట్యూబ్ తగిలించి, క్లాంపులు తెరిచి, పంపు ఆన్ చేయడమే. ఖర్చని పంపు వద్దనేవాళ్లతో నేను వాదిస్తాను. ట్యూబ్ మీది చక్రం కాస్త జారితే రాత్రంతా ఎక్కాల్సింది నిద్రలో రెండు మూడు గంటల్లో దిగిపోతుంది.

స్పీడు లెక్క ఒకసారి చేద్దాం. 2000 మి.లీ. 12 గంటల్లో వెళ్లాలి, మొదటి గంట, చివరి గంట సగం స్పీడు అని రాశారనుకోండి. రెండు సగాలు కలిస్తే ఒక గంట, మధ్యలో 10, మొత్తం 11. రెండు వేలని 11తో భాగిస్తే గంటకి దాదాపు 182, సగం 91. చివర్లో తగ్గించడం ఎందుకంటే, రాత్రంతా చక్కెర వస్తోందని ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుంది. ఒక్కసారిగా ఆపేస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. ఇప్పుడు మీరు చేయండి: 1800 మి.లీ., 10 గంటలు, అదే పద్ధతి. (200, 100.) ఈ లెక్క పంపు మీది అంకె సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికే, స్పీడు మనంతట మనం మార్చడానికి కాదు.

రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుంది, అన్ని నీళ్లు ఎక్కుతున్నాయి మరి. మంచం నుంచి అక్కడిదాకా దారిలో చెప్పులు, వైర్లు లేకుండా చూసి, జీరో బల్బు వెలిగించి ఉంచండి. పంపు ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండాలి. కరెంటు పోతే దాని బ్యాటరీ మీద నడుస్తుంది. అలారం మోగితే నోరు నొక్కేసి పడుకోకండి. ఎక్కువసార్లు ట్యూబ్ నడుం కింద నలిగి ఉంటుంది, లేదా క్లాంప్ తెరవడం మర్చిపోయి ఉంటారు.

1970లో టొరంటోలో జూడీ టేలర్ అనే ఆవిడకి పేగులు దాదాపు పూర్తిగా పోతే, వెల్లూరు సీఎంసీలో చదువుకున్న డాక్టర్ జీజీభాయ్ ఆవిడని ఇలాగే సిరలోంచి తిండి పెట్టి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆవిడ సుమారు 20 ఏళ్లు బతికింది, పిల్లల్ని పెంచుకుంది. మొదటి వారం టెన్షన్‌తో చేతులు వణికేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను.

ఒక్కటి మాత్రం ఈ రాత్రే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. తగిలించిన అరగంటకో గంటకో చలి, వణుకు వచ్చినా, ఎప్పుడైనా జ్వరం 100.4 దాటినా, పంపు ఆపి, క్లాంప్ వేసి, ఆస్పత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి తెల్లారాక చూద్దాం అనొద్దు. వీధి చివర ఆర్‌ఎంపీ ‘వైరలే’ అన్నా వినొద్దు, ఈ లైన్లో ఆయన్ని ఇంజెక్షన్ చేయనివ్వద్దు. క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే ఈ మాట చెప్పండి: “సెంట్రల్ లైను ఉంది, టీపీఎన్ నడుస్తోంది, యాంటీబయాటిక్‌కి ముందు లైనులోంచీ చేతిలోంచీ బ్లడ్ కల్చర్ తీయండి.” లైను తెగితే తెగినచోటుకీ ఒంటికీ మధ్య క్లాంప్ వేయాలి. లైను తెరిచి ఉండగా ఉన్నట్టుండి ఆయాసం వస్తే క్లాంప్ వేసి, ఎడమపక్కకి తిప్పి, తల కిందికుండేలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఈ వారం అభ్యాసం: వాడేసిన లైను క్యాప్, పాత సెట్టు, సూది లేని సిరంజి అడిగి తెచ్చుకోండి. రోగికీ, అసలు సామానుకీ దూరంగా వేరే గదిలో కూర్చుని, తడి వేళ్లకి కుంకుమ అద్దుకుని తగిలించడం మొదటినుంచి చివరిదాకా చేయండి. అయ్యాక ఆ మూడు కొనల్నీ వెలుతురులో చూడండి. ఎరుపు ఎక్కడ అంటిందో అక్కడ మీ పట్టు మార్చుకోవాలి. మరక లేకుండా వరసగా ఐదుసార్లు వచ్చాక 5వ పాఠానికి రండి, అందులో పొద్దున విప్పడం, లైను లాక్ చేయడం, స్నానం.