మంచు రోడ్డు ఎక్కే ముందు జాగ్రత్తలు

కాలవ గట్టు బురదలో లాగేసిన ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండే కదా అని అమలాపురం నుంచి మనాలి బయల్దేరేవాళ్లు ఇవి చూసుకోండి.

• నాలుగు చక్రాలూ లాగితే బండి కదులుతుంది, అంతే. ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా టైరు పట్టే దిక్కు. చలి 7 డిగ్రీలకి దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. కొండ బొమ్మలో మంచురేకు గుర్తున్న టైర్లు మేలు. లేదంటే టైర్లకు చుట్టే గొలుసులు. ఏ చక్రాలకు వేయాలో మాన్యువల్‌లో చూసి, ఇంటి దగ్గరే ఓసారి బిగించండి. వీధిలోవాళ్లు నవ్వితే నవ్వనీండి.

• ఇక్కడి ఎండలో కొట్టించిన గాలి అక్కడ తగ్గుతుంది, ప్రతి 5, 6 డిగ్రీలకి సుమారు ఒక పీఎస్‌ఐ (టైరు గాలి కొలత). పొద్దున్నే, బండి తీయకముందే చూసుకోండి.

• రేడియేటర్‌లో ఉత్త నీళ్లుంటే గడ్డకట్టి ఇంజిన్ పగలొచ్చు. అవి తీయించి, చలికి గడ్డకట్టని కూలెంట్ పోయించండి. వైపర్ నీళ్లూ గడ్డకడతాయి, వాటి బదులు చలికి గడ్డకట్టని వైపర్ ద్రవం పోయించండి.

• దిగుడులో తక్కువ గేరు, ముందు బండికి బాగా ఎడం.